సుత్తికి అందని పుచ్చు

కారంపూడి దారిలో వాగు మీది చెక్క వంతెనకు ఇరవై నాలుగు గుంజలు. పద్దెనిమిదేళ్లుగా వానలకు ముందు వాటిని పున్నయ్యే చూస్తున్నాడు. సుత్తితో కొడతాడు. గట్టి గుంజ ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. పుచ్చినదానికి సుద్దతో గుర్తు పెడితే ఓవర్సీరు గోపాలకృష్ణయ్య మార్పిస్తాడు.

ఏటా రెండో మూడో గుర్తులు పడేవి. 1945లో ఒక్కటీ పడలేదు. మరుసటేడూ అంతే. "నీ వంతెన ముసలితనం మరిచిపోయిందయ్యా" అని ఓవర్సీరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు పున్నయ్యకు మింగుడుపడలేదు.

ఈ ఏడు కొట్టడం మొదలుపెట్టేముందు గట్టుకు పోయాడు. ఎప్పుడో తీసి పడేసిన పుచ్చు గుంజ ఒకటి అక్కడుంది. దాన్ని కొట్టాడు. అదీ గట్టి గుంజలాగే వినిపించింది.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. సారమ్మ నవ్వింది.

"నీకు ఇనపడట్లేదని నాకు రెండేళ్ల నాడే తెలుసు. నేను తిట్టినా తిరిగి తిట్టకపోతే, మొదట దేవుడు నిన్ను మార్చాడేమో అనుకున్నా." అంతలోనే నవ్వు ఆపి గొంతు పెంచింది. "ఎవరికీ చెప్పమాక. చెవిటోడికి పనెవడిస్తాడు?"

"బస్సు పోద్దే దాని మీద."



మర్నాడు పున్నయ్య వడ్రంగి గులాం మొహిద్దీన్ దగ్గరికి పోయి, కర్రకు బెజ్జాలు వేసే బరమా అడిగాడు.

"ఏంది మావా, సర్కారు వంతెనకు చెవులు కుడతావా?"

"కుట్టాల్సింది నా చెవులకేలే. పొట్టు చూసి కర్ర సంగతి చెప్తానంటావు గదా. రా, చూపిద్దువు."

గుంజ మొదట్లో ఇసుక మూరెడు తవ్వి బరమా దించారు. పైన ఎంత తారు పూసినా కర్ర ముందు చెడేది అక్కడే. మూడు గుంజల్లో పొట్టు పసుప్పచ్చగా, మెలికలు తిరిగి వచ్చింది. చూసిన ప్రతి బెజ్జంలోనూ మొహిద్దీన్ తారులో ముంచిన చెక్క బిరడా కొట్టాడు. నాలుగో గుంజలో రెండంగుళాలు దిగాక బరమా జారిపోయింది. ముక్కుపొడుం రంగులో తడిపొడి వచ్చింది.

కబురందుకుని ఓవర్సీరు వచ్చాడు. పున్నయ్య ఆ పొడి ఆయన చేతిలో పోశాడు. ఓవర్సీరు గదమాయించాడు.

"రెండేళ్లు బాగుందన్నావేమయ్యా?"

"ఇనపడక, బాబూ. నాకన్నీ బాగున్నట్టే ఉండేయి."

ఓవర్సీరు పొడిని నలిపి చూశాడు. బస్సును ఇవతలే ఆపమని మనిషిని పంపాడు. పున్నయ్య సుత్తి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఇదెందుకు?"

"కొత్తగా వచ్చేవోడికి."

ఓవర్సీరు ఏదో అన్నాడు. పున్నయ్యకు అందలేదు. మొహిద్దీన్ అతని చెవి దగ్గర అరిచాడు.

"మిగతా ఇరవై ఎవడు చూస్తాడు, మీ తాతా, అంటున్నారు మావా!"

పున్నయ్య ఐదో గుంజ దగ్గర కూర్చుని ఇసుక తవ్వసాగాడు.