సూదిలో ఉప్పు

గాజు బాబాయ్‌కి ఉద్యోగంలో ఇంకా నాలుగు రోజులే మిగిలాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన చేసిన పని ఒక్కటే. సన్నటి గాజు గొట్టాన్ని ఎర్రగా కాలిన తీగ మధ్య పెట్టి, రెండు పక్కలకీ లాగి, కంటికి ఆనని మొన ఉన్న సూదులు చేయడం. ఆ సూది లోపల బోలుగా ఉంటుంది. దానినిండా ఉప్పునీళ్లు నింపి నత్త మెదడులోని ఒక్క కణంలోకి దించితే, ఆ కణంలో పుట్టే కరెంటు తెరమీద గీతగా కనబడుతుంది. సూదులు చేయడంలో బాబాయ్‌ని మించినవాడు లేడని ఆ ల్యాబులో చదువుకున్నవాళ్లంతా ఒప్పుకునేవారు. చేతి సంగతి అది. నోటి సంగతి అడక్కండి.

ఆ ఉదయం ఆయన బీరువా సర్దుతుంటే, పక్క గదిలో కొత్త లెక్చరర్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. మధ్య తలుపు బార్లా తెరిచే ఉంది.

"నత్త కణం గోడమీద రిసెప్టర్లుంటాయి. తలుపులనుకోండి. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి తగిలితే తెరుచుకుంటాయి. ఈ కణంలో ఆ తలుపులోంచి దూరేది క్లోరైడ్ అయాన్లు. బయట ఎక్కువ, లోపల తక్కువ. అందుకని బిలబిలమంటూ లోపలికొచ్చేస్తాయి. వాటిది ఋణావేశం కాబట్టి కణం ఇంకా చల్లబడి నోరు మూసుకుంటుంది. గీత కిందికి దిగుతుంది. బానే ఉందా?"

"ఉందండీ."

"కానీ పాతవాళ్లలో కొంతమందికి గీత పైకి లేచింది. ఎందుకంటారా? వాళ్లు సూదిలో పొటాషియం క్లోరైడ్ పోశారు. మొనలోంచి అది కొద్దికొద్దిగా కణంలోకి కారిపోయింది. లోపలంతా క్లోరైడే. ఇప్పుడు తలుపు తెరిస్తే, లోపలికి రావాల్సింది కాస్తా బయటికి పోయింది. నోరు మూసుకోవాల్సిన కణం గోలగోల చేసింది. చూడ్డానికి వెళ్లిన సూదే కణాన్ని చెడగొట్టిందన్నమాట. అదే సూదిలో క్లోరైడ్ లేని ఎసిటేట్ ఉప్పు పోసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎనిమిదేళ్ల కిందట ఎవరో వేరే ల్యాబువాళ్లు తేల్చారిది."

బాబాయ్ చేతిలోని డబ్బా జారి గాజు గొట్టాలన్నీ నేలపాలయ్యాయి.

"ఏమైంది బాబాయ్?" అని లెక్చరర్ తొంగిచూశాడు.

"ఏం లేదు బాబూ. చెయ్యి జారింది," అన్నాడు బాబాయ్. ఊడ్చడానికి చీపురు తెచ్చుకున్నాడు గానీ వంగలేకపోయాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

పంతొమ్మిదేళ్ల కిందట ఆ ల్యాబు పెద్ద మేడం చేతిలో ఉండేది. ఆవిడ పేరు చెబితే గోడలు కూడా సర్దుకుని నిలబడేవి. ఆవిడ దగ్గర పరిశోధన చేయడానికి వచ్చిందొక అమ్మాయి. రాగానే నత్తల తొట్టెల ముందు గొంతుక్కూర్చుని, వాటికి ఆకులు తినిపిస్తూ, "ఏం తల్లీ, నిన్న సరిగ్గా తినలేదట?" అని కబుర్లు మొదలుపెట్టింది. మూడో రోజుకల్లా అందరూ నత్తమ్మ అని పిలవడం మొదలెట్టారు. పిల్ల ఉడుక్కోలేదు సరికదా, పుస్తకాల మీద కూడా అదే పేరు రాసుకుంది. టీ తాగితే బాబాయ్ బల్ల దగ్గరే తాగేది. సొంత బాబాయ్ మీద ఉన్నంత చనువు ఆయన మీద.

నత్తమ్మ అసలు ప్రయోగం మొదలుపెట్టే ముందురోజు, అలమర తుడుస్తూ బాబాయ్ పొటాషియం క్లోరైడ్ సీసా పడేశాడు. అంతకు వారం ముందే ఒక లెన్సు పగలగొట్టి, "కళ్లు నెత్తికెక్కాయా?" అని మేడం చేత అందరిముందూ చివాట్లు తిన్నాడు. మళ్లీ వెళ్లి చెప్పాలంటే ప్రాణం మీదికొచ్చింది. పక్కనే పొటాషియం ఎసిటేట్ సీసా నిండుగా ఉంది. ఇదీ పొటాషియమే, అదీ పొటాషియమే, కరెంటు అందితే చాలు కదా, ఉప్పు ఉప్పే అనుకున్నాడు మహానుభావుడు. క్లోరైడ్ లేబుల్ ఉన్న పాత సీసా ఒకటి కడిగి, ఎసిటేట్ అందులోకి వంపేశాడు. గాజు పెంకులు కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుగున దాచాడు. కొంప మునగకుండా బయటపడ్డానని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

నత్తమ్మకి గీత కిందికి దిగింది. పది కణాల్లో దిగింది, నలభై కణాల్లో దిగింది. మేడం అంతకుముందు అచ్చువేసిన వ్యాసంలో అదే కణంలో గీత పైకి లేచింది. మేడం అగ్గిమీద గుగ్గిలమైంది. ఒక మధ్యాహ్నం తన గదిలో తాను నింపుకున్న సూదులు తెచ్చి, నత్తమ్మ కుర్చీలో తనే కూర్చుంది. గీత లేచింది.

"చూశావా? నా చేతిలో లేస్తోంది. నీ చేతిలో పడుతోంది. తేడా ఎక్కడుందో ఇంకా చెప్పాలా?" అంది అందరూ వింటుండగా.

నత్తమ్మ తన చేతులకేసి చూసుకుంది.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల బాబాయ్ బల్ల దగ్గరికొచ్చింది. టీ తాగలేదు.

"బాబాయ్, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నా సూదిలో పోసేదీ, మేడం సూదిలో ఉన్నదీ ఒకటేనా?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క ముక్క. మహా అయితే ఇంకో చివాటు. ఆయన సీసా తీసి, లేబుల్ ఆ పిల్ల కళ్లముందు పెట్టాడు.

"కళ్లుండి అడుగుతావేంటమ్మా? ఇదిగో, క్లోరైడే. రెండూ ఒకటే."

ఆ పిల్ల లేబుల్ చదివింది. మళ్లీ చదివింది. "సరేలే బాబాయ్. అయితే నాదే ఏదో తప్పు," అని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా చదువు మానేసింది. తర్వాత ఎవరడిగినా బాబాయ్, "పాపం, మంచి పిల్ల. చెయ్యి కుదర్లేదంతే," అని చెప్పేవాడు. చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు కూడా. పాఠం విన్న ఈ ఉదయం దాకా.

ఆఫీసులో పాత కాగితాలు వెతికించి, వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఉద్యోగంలో ఆఖరి రోజున సెలవు పెట్టి, బాబాయ్ నత్తమ్మ ఇప్పుడు పాఠాలు చెప్పే బడికి వెళ్లాడు. చేతిలో చిన్న డబ్బా. అందులో దూది మీద పేర్చిన ఆరు సూదులు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు, వట్టి చేతులతో వెళ్లడానికి మొహం చెల్లక తెచ్చాడంతే.

నత్తమ్మ సైన్సు గదిలో ఒక్కతే ఉంది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. బోర్డునిండా రంగు సుద్దలతో గుండె బొమ్మ. గాజు సామానంతా బీరువాలో పెట్టి తాళం వేసి ఉంది.

"బాబాయ్! నువ్వా! ఇంకా ఆ మీసం ఊడలేదా?" అంటూ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "చూడు, నా రాజ్యం. పిల్లలు నన్ను బొమ్మల టీచరంటారు. ప్రయోగాలు మాత్రం వేరే ఆయన చేయిస్తాడు. నా చెయ్యి సంగతి నీకు తెలుసుగా. సుద్దముక్కతో అయితే ఏ గొడవా లేదు."

ఆమె నవ్వుతుంటే బాబాయ్ వినలేకపోయాడు.

"నీ చెయ్యి కాదమ్మా," అన్నాడు. ఇంకేం ఆగకుండా చెప్పేశాడు. పగిలిన సీసా, వంపిన ఎసిటేట్, పాత లేబుల్, మొన్న విన్న పాఠం. "నీ గీతలే నిజం. మేడం సూదిదే తప్పు. అది ఎవరో ఎనిమిదేళ్ల కిందట కనిపెట్టారట."

నత్తమ్మ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆయన గమనించలేదు.

"నేను అడిగాను కదా," అంది.

"అడిగావమ్మా."

"ఊరికే అడగలేదు బాబాయ్. రెండు రోజులు కూర్చుని లెక్కలు కట్టాను. మేడం సూదిలోని క్లోరైడ్ కణంలోకి కారిపోతోందని, అందుకే తలుపు తెరిస్తే ఎదురుపారుతోందని, మొత్తం ఒక కాగితం మీద రాసుకున్నా. అది నిజమవ్వాలంటే నా సూదిలో ఉన్నది వేరే ఉప్పయ్యుండాలి. అదొక్కటే మిగిలింది. అది తెలుసుకోవడానికే నీ దగ్గరికొచ్చా. నువ్వు ఒకటే అన్నావు. వెళ్లి ఆ కాగితం చింపేశాను."

బాబాయ్ తల ఎత్తలేదు.

"మేడం అంతమందిలో తిట్టినా నా గీతల్ని నేను వదల్లేదు. నువ్వు చెప్పావని వదిలేశాను. నువ్వు అబద్ధమాడతావని నాకు తట్టనే లేదు."

"తప్పయిపోయిందమ్మా. మేడంకి ఉత్తరం రాయమంటే రాస్తాను. అందరి ముందూ చెప్పమంటే చెబుతాను."

"ఇప్పుడు ఎవరికి చెబుతారు? చెప్పి ఏం చేస్తారు?"

ఆమె నోట తనని మీరు అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. ఏం చేయాలో తోచక డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు. నత్తమ్మ ఒక సూదిని రెండు వేళ్లతో తీసి, కిటికీ వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. కంటికి ఆనని ఆ మొన గాలిలో అలాగే నిలబడింది. కదల్లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ సూదులు పట్టిన చేతులు ఎన్నో చూశాడాయన. ఇంత నిలకడైన చెయ్యి చూడలేదు.

ఆమె కూడా తన చేతినే చూస్తోంది.

"వణకట్లేదు కదూ?" అంది.

"లేదమ్మా," అన్నాడు బాబాయ్. "అప్పుడూ వణకలేదు."

సూదిని జాగ్రత్తగా దూదిలో పెట్టి, మూత వేసి, డబ్బా ఆయన వైపు తోసింది.

"తీసుకెళ్లండి. ఇక్కడ నత్తలు లేవు," అని సుద్దముక్క అందుకుని బోర్డు వైపు తిరిగింది.