బెర్తా వేసిన మంటలు

ఓర్పా త్రాసు భుజాన వేసుకుని కొండెక్కేసరికి యోరిమ్ ఇంటి పక్కన కట్టెల పేర్పు ఆమె తలకంటే ఎత్తుగా ఉంది. తిమోర్ కొండల్లో భార్య నెల తప్పిందని తెలిసిన రోజే మగవాడు గొడ్డలి పట్టాలి. పురుడొచ్చాక నలభై రోజులు తల్లీబిడ్డల మంచం కింద ఆ కట్టెలే కాలాలి. పేర్పు ఎంత ఎత్తయితే అంత మంచి మొగుడని లెక్క.

ఓర్పాది జీతం లేని పని. చంటిపిల్లలున్న ఇళ్లకి వెళ్లి, తూకం వేసి, పుస్తకంలో రాసుకుని, తల్లి దగ్గర కాసేపు కూర్చుని వస్తుంది. పదహారేళ్లుగా అదే పని.

గడ్డికప్పు నేలదాకా దిగిన గుండ్రటిల్లు. మోకాళ్ల మీద దూరింది. లోపల పొగలో ముందు బెర్తా గొంతే వినిపించింది. యోరిమ్ తల్లి ఆమె. ఊళ్లో ఏ పురిటికైనా నిప్పు చూసేది ఆమే.

"రా, రా. ఆస్పత్రి మనుషులైతే దగ్గుకుంటూ పారిపోతారు. నీకేం, ఈ పొగలో నానినదానివే." వక్కల బుట్ట ముందుకి తోసింది.

ఓర్పా వక్క తీసుకుంది. దూలానికి వేలాడుతున్న మొక్కజొన్న కంకుల మధ్య త్రాసు తగిలించి, పద్దెనిమిది రోజుల బిడ్డని గుడ్డ ఉయ్యాల్లో వేసింది. చీకట్లో త్రాసు కాడ మీది గీతలు కనపడవు. గంట్లు గోటితో తడిమి చూసుకుంది. రెండు కిలోల ఏడు వందలు. పుట్టినప్పటికంటే తక్కువ.

"పాలు తాగుతూ తాగుతూ వదిలేస్తున్నాడక్కా" అంది మంచం మీంచి కోడలు దెల్ఫి. "ఆయాసపడుతున్నాడు."

"తండ్రి పోలిక" అంది బెర్తా. "వాడూ అంతే, ముద్ద నోట్లో పెట్టుకుని నిద్రపోయేవాడు."

"పెద్దమ్మా, ఒక్క నిమిషం గుమ్మం దాకా తీసుకురానీ. వెలుతురులో ఊపిరి చూడాలి."

"నలభై నిండకుండా గుమ్మమా? గాలి పట్టదూ? నీ పిల్లలకి నిప్పు చూసిందెవరే? నేను కాదూ?"

ఓర్పా బిడ్డని ఉయ్యాల్లోంచి తీసి తల్లి పక్కన పడుకోబెట్టింది. ఓర్పా ముగ్గురు పిల్లలకీ నిప్పు చూసింది బెర్తాయే. మూడోది ఆడపిల్ల. ఇరవైరెండో రోజున ఇలాగే పాలు వదిలేసి, ఆయాసపడి పోయింది. ఆ చిన్న ఒంటిని కడిగిందీ బెర్తాయే. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అంది. ఓర్పా నమ్మింది. మరుసటేడు ఈ పనికోసం శిక్షణకి వెళ్తే, నర్సు గోడకి ఒక బొమ్మ తగిలించింది. గుండ్రటిల్లు, మంచం, నిప్పు, బిడ్డ. పొగ పసిబిడ్డల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో కర్ర పెట్టి చూపించింది. ఓర్పా అక్కడ ఏడవలేదు. లారీ వెనక తొట్టిలో నిలబడి ఇంటికొచ్చింది. ఆ మాట ఊళ్లో ఎవరితో అన్నా, నా బిడ్డని బెర్తా చంపిందని అన్నట్టే. అందుకే ఏ ఇంటికి వెళ్లినా, నిప్పు కాస్త తగ్గించండి అని మాత్రమే అనేది.

ఆ రోజూ అంతే అంది. "అలాగేలే" అంది బెర్తా. ఓర్పా త్రాసు దింపుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గరే బిడ్డ ఊపిరి వినిపించింది, కుక్కపిల్ల ఎగరొప్పినట్టు. లోపలికి దూరి డొక్క మీద చెయ్యి పెట్టింది. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద గుంట పడుతోంది.

బెర్తా బుట్ట తోసింది. ఓర్పా ముట్టుకోలేదు.

"ఏం, తగవుకొచ్చావా?"

"పెద్దమ్మా, నా మూడోదాన్ని తీసుకుపోయింది దేవుడు కాదు. ఈ పొగ."

దెల్ఫి లేచి కూర్చుంది. బెర్తా వంగి బిడ్డ డొక్క మీద తనూ చెయ్యి పెట్టి చూసింది. తర్వాత కాగుతున్న నీళ్ల కుండ ఎత్తి నిప్పు మీద పోసేసింది. ఇల్లంతా బూడిద లేచింది. బిడ్డని పొట్టకి అదుముకుని, ఆ ముసలామే మోకాళ్ల మీద బయటికి పాకింది.

ఎండలో వాణ్ని అందరూ చూడడం అదే మొదలు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. యోరిమ్ పక్కింటి మోటారుసైకిల్ తెచ్చాడు. ఆస్పత్రికి మూడు గంటల దారి.

మర్నాడు మధ్యాహ్నం బిడ్డ పోయాడు.

పూడ్చిపెట్టి వచ్చాక బెర్తా కట్టెల పేర్పుకి ఆనుకుని కూర్చుంది. పేర్పు సగం కూడా తరగలేదు. ఓర్పా వెళ్లి పక్కన కూర్చుంది.

"తూకానికొచ్చిన రోజే అనలేదేం?" అంది బెర్తా.

ఓర్పా కాలి దగ్గరి కట్టె పేడు తీసి పేర్పు మీద పెట్టింది.

"ఎప్పణ్ణుంచి తెలుసు నీకు?"

"పదహారేళ్లు."

బెర్తా వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. తను నిప్పు చూసిన ఇళ్లు, ఒక్కో కోడలి పేరు. ఒక చెయ్యి అయింది. రెండో చెయ్యీ అయింది. మళ్లీ మొదటి చేతికొచ్చింది. బతికినవాళ్ల దగ్గర వేలు త్వరగా ముడిచేది, పోయినవాళ్ల దగ్గర ఆగేది.

"చాలు పెద్దమ్మా."

"చాలదు. నేను మర్చిపోతున్నాను. నువ్వు రాసుకున్నావుగా అందర్నీ. చదువు."

పుస్తకం త్రాసు సంచిలోనే ఉంది. ఓర్పా తీసి ఒళ్లో పెట్టుకుంది. మొదటి పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది.