ఆడబిడ్డ జబ్బు

"హేమా, గిన్నెల చప్పుడు చెయ్యకమ్మా. పిల్లకి ఇప్పుడే కన్నంటుకుంది" అని వంటింటి గుమ్మంలోంచి గుసగుసగా చెప్పి వెళ్ళింది సుందరమ్మ. పొద్దు బారెడెక్కింది. నాట్లు వేసేవాళ్ళకి అన్నం పంపించి డేక్సా తోముతున్న హేమ చేతులు ఆగిపోయాయి. తను బాలింతగా ఉన్నప్పుడు, తెల్లారాక లేవలేక పడుకుంటే, ఇదే అత్తయ్య ఇలాంటి డేక్సానే తన గది తలుపు ముందు దభీమని పడేసేది. "మేం కనలేదా పిల్లల్ని?" అనేది, గాలికి చెప్పినట్టు.

పిల్ల అంటే ఆడబిడ్డ బిందుశ్రీ. పురిటికని పుట్టిల్లు దేశనూరు వచ్చింది. బిడ్డ పుట్టిన మూడో నెలకల్లా మాట్లాడటం మానేసింది. బిడ్డ ఏడుస్తుంటే ఎవరి బిడ్డో అన్నట్టు చూసేది. అన్న హరిబాబు వెంటనే బళ్ళారి తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. డిప్రెషన్ అన్నారు, మాత్రలు రాశారు. అప్పట్నుంచి ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తోంది.

హేమకీ అదే వచ్చింది, కొడుకు పుట్టినప్పుడు. ఆరేళ్ళయింది. దానికెవరూ పేరు పెట్టలేదు. "నీకేం తక్కువైందని ఆ ముఖం?" అన్నాడు మొగుడు, ఈ హరిబాబే. పొగరన్నది అత్తయ్య. ఒక సాయంత్రం కాలవగట్టు మీద నిలబడి, సుళ్ళు తిరిగే నీళ్ళలోకి చాలాసేపు చూసింది. ఎవరి పిల్లో ఏడ్చినట్టు వినిపించి, పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసిపోతే, వెనక్కి తిరిగి ఇంటికొచ్చింది. "పిల్లాణ్ణి ఏడిపిస్తూ షికార్లేంటి నీకు?" అన్నది అత్తయ్య. ఆ తర్వాతా బాగైందేమీ లేదు. అలాగే పని చేసుకోవడం అలవాటైంది, అంతే.

మధ్యాహ్నం పాలగ్లాసు పట్టుకుని వెళ్తే, గదిలో హరిబాబు చెల్లెలి తల నిమురుతున్నాడు. "ఇది నీ తప్పు కాదమ్మా. జ్వరం వచ్చినట్లే, ఇది గూడా జబ్బే." హేమ గుమ్మం బయటే నిలబడిపోయింది. ఆ గొంతు ఆయనకుందని ఆమెకి తెలియదు. అదే చెయ్యి, అదే మాట ఆరేళ్ళ కిందట తనకి దొరికుంటే!  పిల్ల మీద పుట్టింది జాలి కాదు, అసూయ. మంచం పట్టిన మనిషిని చూసి అసూయ పడుతున్నందుకు సిగ్గేసింది. సిగ్గుతో అసూయ ఇంకా పెరిగింది.

హరిబాబు పొలానికి వెళ్ళాక, ఆ గది కిటికీ కింద కావాలనే స్టీలు పళ్ళెం జారవిడిచింది. లోపలికి వెళ్ళి చూస్తే బిందు ఉలిక్కిపడనైనా లేదు.

"నేను నిద్రపోలేదులే వదినా. కళ్ళు మూసుకుంటే ఎవరూ మాట్లాడించరని, సుమ్నే, ఊరికే మూసుకుంటా."

"తెలుసు" అంది హేమ.

"ఎట్ల తెలుసు?"

మంచం అంచున కూర్చుని చెప్పింది. కాలవగట్టుతో సహా. ఇన్నాళ్ళకి బిందు ఒక మనిషి ముఖంలోకి సూటిగా చూసింది.

"మరి నిన్ను యాడ చూపించినారు?"

హేమకి నవ్వొచ్చింది. "నాకు జబ్బెక్కడ చేసింది బిందూ? నేను కోడల్ని."

మళ్ళీ బళ్ళారి వెళ్ళే రోజు కారు వాకిట్లోకి వచ్చింది. చీర మార్చుకుని హేమ కూడా వచ్చింది.

"నువ్వు యాడికి?" అన్నాడు హరిబాబు. "బిందూ జతకి అమ్మ వస్తాంది గదా."

"బిందు కోసం కాదు. నన్ను నేను చూపించుకోడానికి."

"నీకేమైంది?"

"ఆ సంగతి డాక్టరుతో చెబుతాను. మీరూ వినండి."

"మరి వంటో? నాట్లవాళ్ళకి అన్నం పోవద్దూ?" అన్నది సుందరమ్మ, కారెక్కబోతూ ఆగి.

"మీరుండి వండండి అత్తయ్యా" అంది హేమ. తలుపు తీసి బిందు పక్కన కూర్చుంది. బిందు బిడ్డని ఒళ్ళోకి జరుపుకుని చోటిచ్చింది. ఆ పిల్ల మీద అసూయ ఇంకా పోలేదు. అది పోయేదాకా ఆగితే ఈ కారు మళ్ళీ దొరకదని, హేమ తలుపు గట్టిగా వేసుకుంది.