మర్యాదకి అన్న మాట

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు అరవై దాటాక పట్టుబడ్డాయి. ఒత్తులు ఇప్పటికీ నన్ను చూసి ముఖం చాటేస్తాయి. ఒక కాగితం నింపేసరికి పొయ్యి మీది పాలు పొంగిపోతాయి. తప్పులుంటే దిద్దుకొని చదవండి, నా నెమ్మదిని క్షమించండి. కథలో వచ్చే పెద్దమనిషిని మాత్రం క్షమించక్కర్లేదు.

మా వీధి చివర ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడకి ఒక్కతే కూతురు. ఆవిడ భర్త గోడలకు రంగులు వేసేవాడు, పిల్ల బడిలో ఉండగానే పోయాడు. ఆ పిల్ల బట్టల మూటల మధ్య కూర్చుని చదివి, పెద్ద కాలేజీలో ఇంజనీరింగు సీటు తెచ్చుకుంది. సీటు వచ్చిందన్న ఉత్తరంలో ఫీజు ఒక్క వరుసే ఉంది. వెనక పిన్ను గుచ్చిన కాగితంలో అసలు సంగతంతా ఉంది. కూతురు చదువుతుంటే తల్లి చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుపుతూ వింది.

"లైబ్రరీ రుసుము."

"పుస్తకాలు కొనిస్తారా?"

"కాదమ్మా, చూడనిస్తారు."

"చూడ్డానికీ డబ్బులా! తర్వాత?"

"అభివృద్ధి నిధి."

"ఎవరి అభివృద్ధి?"

"కాలేజీది."

"కొట్టుకి సున్నం వేయించుకోవాలని నేను చొక్కాకింత అని విడిగా వసూలు చేస్తే ఊరుకుంటారా ఎవరైనా? సరే, కానియ్యి."

"ఇతర రుసుములు."

"ఇన్ని చెప్పాక ఇంకా ఇతరం ఏం మిగిలిందే!"

కూతురు నవ్వి కాగితం తిప్పింది. "లేనివాళ్ళకి సాయం చేస్తారటమ్మా. రెండు రకాలు. ఒకటి తిరిగి ఇవ్వక్కర్లేదు. రెండోది చదువయ్యాక వడ్డీతో కట్టాలి."

"దాన్ని అప్పంటారు."

"ఇక్కడ సాయమనే రాశారు."

"పులికి ఆవని పేరు పెడితే పాలిస్తుందా? ఆ మొదటిదే అడుగు."

అడిగారు. ఆదాయం ఎంత, ఇల్లు సొంతమా అద్దెదా, ఇంట్లో సంపాదించేది ఎవరు, అన్నీ ఉన్నదున్నట్టు రాసి పంపారు. ఆ సాయం వస్తే పిల్ల చదువుతుంది. రాకపోతే ఆ సీటు తర్వాతి వాళ్ళకి పోతుంది, పిల్ల ఇస్త్రీ పెట్టె పట్టుకుంటుంది. మధ్యేమార్గం లేదు. కాలేజీ నుంచి ఒక ఉద్యోగి ఇంటికొచ్చి చూసి వెళ్తాడని కబురొచ్చింది.

ఇక్కడ పెద్దరికం గురించి చెప్పాలి. పెద్దరికం అంటే గుణం కాదు, మనిషి. ఇస్త్రీ ఆవిడకి స్వయానా బావగారు, భర్తకి అన్న. కుళాయిలు, పైపులు అమ్మే కొట్టు ఉంది. ఎదురుగా అందరూ అయ్యగారూ అంటారు, ఆయన వీపు తిప్పగానే పెద్దరికం అంటారు. ఆయన నాలుకకి ఎముక లేదు. చేతికి మాత్రం ఉండాల్సినవాటికంటే రెండు ఎక్కువే ఉన్నాయి. తమ్ముడు పోయిన నాటి నుంచి "నేనున్నాను" అని ఆయన అనని రోజు లేదు, ఉన్నట్టు కనబడిన రోజూ లేదు.

కాలేజీ ఉద్యోగి వచ్చిన పొద్దున ఆయన ఎవరూ పిలవకుండానే వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. పాపం ఆ ఉద్యోగి బట్టల మూట మీద సర్దుకున్నాడు. గది చూశాడు, మంచం చూశాడు, గోడ మీద చెమ్మ చూశాడు. అన్నీ సరిగానే రాసుకుంటున్నాడు.

"అయితే అమ్మాయి ఖర్చులకి మీకు వేరే ఆధారం ఏమీ లేదన్నమాట," అన్నాడు.

"లేదు బాబూ," అనబోయింది తల్లి. 'లే' దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకు లేదండీ!" పెద్దరికం కుర్చీలోంచి సగం లేచాడు. "నేను బతికుండగా లేదనే మాటేమిటి? నా తమ్ముడి కూతురు నా కూతురు కాదూ? దాని చదువు మొత్తం నా బాధ్యత. మా వంశంలో ఒకరి ముందు చెయ్యి చాచిన వాళ్ళు లేరు. రాసుకోండి."

ఉద్యోగి రాసుకున్నాడు. రాసుకోమంటే రాసుకోక ఏం చేస్తాడు?

"అది కాదు బాబూ, ఆయన..." అంది తల్లి.

"నువ్వుండమ్మా, మగవాళ్ళం మాట్లాడుతున్నాం," అన్నాడు పెద్దరికం. పిల్ల తలుపు దగ్గర నిలబడి పెదనాన్న వైపు చూసిన చూపుకి మంచి గుడ్డయితే కాలిపోయేది.

వారం తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. కుటుంబ పెద్ద ఖర్చు భరిస్తానని చెప్పినందువల్ల మీకు సాయం అవసరం లేదని తేల్చాం, ఆ మాట సరికాదంటే ఆ పెద్దే స్వయంగా ఆఫీసుకొచ్చి గడువులోపల చెప్పాలి, అని.

ఇస్త్రీ ఆవిడ పెట్టె దించి, పైట సర్దుకుని, నేరుగా కుళాయిల కొట్టుకి నడిచింది. పిల్ల వెంటే వెళ్ళింది.

"బావగారూ, ఫీజు కట్టడానికి ఎప్పుడు బయల్దేరదాం?"

"ఏం ఫీజు?"

"మీ కూతురి ఫీజు."

ఆయన ఉత్తరం చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు, అక్షరాలు మారలేదు.

"అదేమిటమ్మా, ఏదో మర్యాదకి అన్నాను. నలుగురిలో ఒక మాట అనకపోతే ఎలా?"

"ఆ నలుగురూ మనమే కదా. ఉన్నదే నలుగురం! మీ మర్యాదకి నా బిడ్డ సీటు పోతోంది. కట్టండి. లేదా వచ్చి కట్టలేనని చెప్పండి."

"కట్టలేననా? నేనా? కొట్టు పెట్టుకున్నవాణ్ణి! నలుగురూ వింటే..."

"అయితే కట్టండి."

"వ్యాపారం ఏం బాగోలేదమ్మా ఈ మధ్య..."

లోపల లెక్క చూసుకుంటున్న ఆయన భార్య బయటికి వచ్చింది. ఉత్తరంలో ఫీజు అంకె చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏమండీ, మీ మాటలు కోటలు దాటితే దాటనివ్వండి, బీరువా మాత్రం దాటడానికి వీల్లేదు. రేపే పోయి ఊరికే అన్నానని చెప్పి రండి."

"ఊరికే అన్నానని చెప్పనా! నన్నేమనుకుంటారు?"

"ఇప్పుడు అనుకుంటున్నదే అనుకుంటారు," అంది పిల్ల.

మర్నాడు తల్లీ, కూతురూ, పెద్దరికమూ కాలేజీ ఆఫీసులో కిటికీ ముందు వరుసలో నిలబడ్డారు. ముందు పిల్లలు, వెనక పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. పెద్దరికం ఇస్త్రీ మడత నలగని చొక్కాలో చెమటలు కక్కుతూ, తనెవరో ఎవరికీ తెలియకూడదన్నట్టు పైకప్పు చూస్తున్నాడు. కిటికీ వెనక గుమాస్తా ఆవిడ. గొంతు కంచుగంట.

"చెప్పండి."

"అదే... ఈ అమ్మాయి ఖర్చు విషయం..." గొణిగాడాయన.

"వినపడలేదు."

"భరిస్తానన్నాను కదా..."

"భరిస్తారా? చాలా మంచిది. ఇక్కడ సంతకం పెట్టండి."

"వద్దొద్దు! భరించను."

"మరెందుకన్నారు?"

"ఊరికే."

"ఊరికే ఏమిటండీ? కారణం రాయాలి."

"మర్యాదకి..."

గుమాస్తా ఆవిడ కలం పక్కన పెట్టి, లోపలి గదివైపు తిరిగి ఆఫీసంతా మోగేలా కేకేసింది. "సార్! ఈయన పిల్ల ఖర్చంతా పెట్టుకుంటానన్నది ఉత్తుత్తినేనట! మర్యాదకి అన్నాడట! ఏ గడిలో రాయమంటారు?"

వరుస మొత్తం తల తిప్పింది. లోపలి నుంచి తీరిగ్గా జవాబొచ్చింది. "'ఏ ఆధారమూ లేదు' అని ఒక గడి ఉంది చూడమ్మా, అందులో రాయి."

రాసింది. చదివి వినిపించింది, అదీ పైస్థాయిలోనే. పెద్దరికం సంతకం పెట్టాడు. ఇస్త్రీ ఆవిడ తనకి ఆయన మీద జాలి కలుగుతుందేమోనని కాసేపు చూసుకుంది. కలగలేదు.

గడువు ముగిసేలోగా సాయం మంజూరైంది. ఫీజంతా అందులో పోతుంది, ఆ 'ఇతర రుసుములు' మాత్రం తల్లీకూతుళ్ళ మీద పడ్డాయి. అవెలాగూ ఎవరినీ వదలవు. పిల్ల కాలేజీలో చేరింది.

ఆ సాయంత్రం కుళాయిల కొట్టు ముందు నలుగురు చేరితే పెద్దరికం కాలు మీద కాలు వేసుకున్నాడు. "మా తమ్ముడి పిల్ల సీటు పోయేదేనండీ. నేను స్వయంగా వెళ్ళాను. ఒక్క మాట చెప్పాను, పని అయిపోయింది."

ఇస్త్రీ ఆవిడ బట్టల మూటతో అటుగా పోతూ విన్నది. ఆయన జన్మలో చెప్పిన మొదటి నిజం అది. ఏం మాట చెప్పావని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు, ఇవ్వాల్సిన బట్టలున్నాయి.

— బొత్తాల పెద్దమ్మ (బొత్తాలు కుట్టిపెడతాను కనక అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు), అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడుంటున్నది చిన్న కూతురి దగ్గర, రొట్టెల దుకాణం పైన రెండో అంతస్తులో.