జోడీ ఉందా?

మా ఇంట్లో ఒక్కటే చట్టం. నిద్రపోతున్న మనిషిని లేపకూడదు. ఇల్లు అంటుకుంటే లేపొచ్చా అని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగితే, ముందు నీళ్ళు పోసి చూడమన్నారు మా ఆయన.

నాది ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. పొద్దున నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పే వేళకి ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఉండేవారు. "గ్యాసు అయిపోవచ్చింది." "అమ్మాయికి జలుబు చేసింది." "పాలవాడు రాలేదు." గుమ్మంలో ఇంతే మా సంసారం. ఆ తర్వాత నేను కర్టెన్లు లాగేసి పడుకుంటే సాయంత్రం దాకా ఇంట్లో చెంచా చప్పుడు కూడా ఉండేది కాదు. టీవీలో బొమ్మలు ఆడేవి కానీ గొంతు వినిపించేది కాదు. అలాగే అమ్మాయి పెరిగింది, ఉద్యోగంలో కుదురుకుంది, పెళ్ళి చేసుకుంది. మా ఇద్దరికీ ఏనాడూ పోట్లాట లేదు. పోట్లాడాలంటే ఇద్దరూ ఒకే వేళకి మెలకువగా ఉండాలి కదా.

"మీరిద్దరూ కలిసి ఒక్క ఊరైనా చూశారా అమ్మా?" అని అడిగి, మా జవాబు కోసం ఆగకుండా, యూరప్ బస్సు టూరుకి మా పేర్లు రాయించేసింది అమ్మాయి. గుంపుతో కలిసి వెళ్ళడం, గుంపుతో కలిసి రావడం. మనం చేయాల్సిందల్లా కిటికీలోంచి చూడటమే.

సరిగ్గా బయల్దేరే ముందు మా హెడ్ నర్సు పిలిచింది. డ్యూటీలు మారుస్తున్నారట. "నువ్వు సీనియర్‌వి. ఇక మీదట పగలు కావాలంటే పగలు, రాత్రే ఉంటానంటే రాత్రి. తిరిగొచ్చి చెప్పు" అంది. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పగలు డ్యూటీ అంటే సాయంత్రాలూ రాత్రులూ ఇంట్లోనే. ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చోవాలి. కూర్చుని ఏం మాట్లాడుకుంటాం? గ్యాసు గురించి ఎంతసేపని మాట్లాడతాం? ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. ఈ టూరులో తేలిపోతుందిలే అనుకుని బట్టలు సర్దుకున్నాను. ఊళ్ళు చూసే సంబరం నాకు లేనే లేదు, పరీక్ష రాయబోతున్నట్టే ఉంది.

పరీక్ష ఫలితం మొదటి పూటే తెలిసిపోయింది. హోటల్లో పొద్దున్నే తినడానికి కూర్చున్నాం. చుట్టూ మా బస్సు వాళ్ళే. ఒకటే గలగల. మా ముందు సీటు దంపతులైతే కాఫీ వేడిగా ఉందా చల్లారిందా అన్న దాని మీద వాదించుకుంటున్నారు. నాకు వాళ్ళని చూస్తే కుళ్ళు పుట్టింది. మా బల్ల దగ్గర మాత్రం నిశ్శబ్దం.

"రొట్టె మెత్తగా ఉంది" అన్నారు ఆయన.

"మెత్తగానే ఉంది" అన్నాను నేను.

ఆయన గుడ్డు పెంకు ఒలవడంలో మునిగిపోయారు. ఒక కళ్ళద్దం చెక్కినంత శ్రద్ధగా ఒలిచారు పాపం, మళ్ళీ మాట్లాడాల్సిన పని రాకుండా.

గదిలో ఇంకా ఘోరం. తెల్లవారకముందే నాకు మెలకువ వచ్చింది. ఆయన్ని లేపకూడదు కదా అని లైటు వేయకుండా, పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వెళ్ళాను. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల చీకట్లో ప్యాంటు ఒక కాలికి ఎక్కించుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. నన్ను లేపకూడదని ఆయన కూడా లైటు వేసుకోలేదు. ఇద్దరం ఒకేసారి "పడుకో", "పడుకోండి" అనుకున్నాం. తర్వాత చెరో మంచం అంచున కూర్చుని తెల్లారేదాకా కర్టెను వైపు చూశాం. ఇంకో జంట అయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. మాకు నవ్వడం కూడా మొహమాటమే అయింది.

మా గైడు హుషారైన మనిషి. మెళ్ళో ఈల వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి ఈల గైడు అని పేరు పడిపోయింది. బస్సు కదిలే ముందు అతను తలలు లెక్కపెట్టడు. తలలు లెక్కపెడితే లెక్క తప్పుతుందట. "జోడీ ఉందా?" అని ఒక్కో వరుసనీ అడుగుతాడు. నీ గురించి నువ్వు చెప్పకూడదు, నీ పక్కన కూర్చునే మనిషి ఉంటే నువ్వు చెయ్యెత్తాలి. మాకు ఇవతలి పక్క సీట్లో రిటైరైన టీచరమ్మ ఒంటరిగా వచ్చారు. ఆవిడకి జోడీ గైడే. "నా జోడీ ఇదిగో, అరుస్తున్నాడు" అని ఆవిడ చెయ్యెత్తితే బస్సంతా నవ్వేది.

ఆ మర్నాడు పొడుగు ప్రయాణం. దారి పక్కన పెట్రోలు బంకు, కాఫీ కొట్టు, బాత్‌రూములు ఉన్న చోట బస్సు ఆపారు. మా ఆయన కాఫీకి దిగారు. కాసేపటికి నేనూ దిగాను. బ్యాగులు కనబడేలా వదలొద్దని గైడు పదేపదే చెప్పాడు కదా, నా చేతిసంచీ, మెడకి పెట్టుకునే దిండూ సీట్లో పెట్టి పైన శాలువా కప్పాను. అమ్మాయి ఇచ్చిన టోపీ కోటు ఎలాగూ దాని పైనే కిటికీ పక్క కొక్కానికి వేలాడుతోంది. ఆడవాళ్ళ వరుస చాంతాడంత ఉంది. ఆ దేశమైనా ఈ దేశమైనా ఆ ఒక్క విషయంలో తేడా లేదు.

నేను బయటికి వచ్చేసరికి మా బస్సున్న చోట ఇంకేదో బస్సు ఉంది. పెట్రోలుకి జరిపి ఉంటారనుకున్నాను. అటు చూశాను. ఇటు చూశాను. దూరంగా పెద్ద రోడ్డెక్కుతున్న మా బస్సు వీపు కనిపించింది. చెయ్యి ఊపాను, అరిచాను, నాలుగడుగులు పరిగెత్తాను కూడా. వీపుకి కళ్ళుంటాయా?

ఫోను సంచీలో ఉంది. సంచీ బస్సులో ఉంది. కాఫీ కొట్టావిడకి నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. అయినా నా ముఖం చూసి అర్థం చేసుకుంది. రోడ్డు వైపు చూపించి, వేలు గుండ్రంగా తిప్పి, తిరిగి వస్తారని సైగ చేసి కుర్చీ వేసింది. ఆ కుర్చీలో కూర్చోలేక లేచి రోడ్డు దాకా నడిచాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

తప్పిపోయానని కాదు. బస్సు తిరిగొస్తుందని నాకూ తెలుసు. కానీ బస్సు కదిలిందంటే గైడు జోడీ ఉందా అని అడిగే ఉంటాడు. మా ఆయన చెయ్యెత్తే ఉంటారు. పక్కన నేను లేకుండా ఆ చెయ్యి ఎలా లేచింది? ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి, పక్కన పెళ్ళాం ఉందో లేదో కూడా తెలియలేదన్నమాట. నేనున్నా ఒకటే, నా కోటున్నా ఒకటే. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారాక ఏడుపొచ్చింది. హెడ్ నర్సుకి మనసులో అక్కడే జవాబు చెప్పేశాను, నాకు రాత్రే ఉంచండి అని.

చాలాసేపటికి బస్సు వచ్చింది. తలుపు సగం తెరుచుకునేలోపే మా ఆయన దూకేశారు. ఊరందరి కళ్ళజోళ్ళూ సరిచేసే మనిషికి తన కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది. నా ముందుకొచ్చి నిలబడ్డారు. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఉన్నావా?" అన్నారు చివరికి.

"లేకపోతే ఎక్కడికి పోతాను? పాస్‌పోర్టు మీ దగ్గరుందిగా" అన్నాను. ఆయన మొహం చూశాక ప్రాణం లేచొచ్చిన మాట నిజమే. కానీ కోపం మాత్రం దిగలేదు. బస్సెక్కి, మా సీటు వదిలేసి, టీచరమ్మ పక్కన కూలబడ్డాను. వెనకే వచ్చిన ఆయన ఒక్క క్షణం నిలబడి, కోటు ఒళ్ళో పెట్టుకుని మా సీట్లో కూర్చున్నారు. గైడు ఈసారి ఒక్కో తలా ముట్టుకుని మరీ లెక్కపెట్టాడు.

బస్సు కదిలాక టీచరమ్మ నా చెవి దగ్గరికి వంగారు.

"కోపంగా ఉన్నావా తల్లీ?"

"ఉండదా అండీ? చెయ్యెత్తారు కదా!"

"ఎత్తాడు. ఎత్తి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. 'మా ఆవిడ పడుకుంది, మెల్లిగా అడగవయ్యా' అని గైడుని కసిరాడు. ఆ శాలువా, ఆ టోపీ చూసి నేనూ నువ్వే అనుకున్నాలే. తర్వాత ఏం చేశాడో తెలుసా?"

"ఏం చేశారు? ఆయనా పడుకుని ఉంటారు."

"పడుకోవడమా! ఆ కోటుతో ఒకటే కబుర్లు. గొంతు పెంచకుండా, గుసగుసగా. వినకూడదనే అనుకున్నానమ్మా, కానీ నా చెవులింకా బాగానే పనిచేస్తున్నాయి. ఆ పచ్చపూల చేలు చూశావా అని అడిగాడు. మన డ్రైవరు మెడ వెనక్కి వంచి చూస్తున్నాడు, ఆ కళ్ళజోడు అతనిది కాదేమో, మన ప్రాణాలు ఎవరి కళ్ళజోడు మీద ఆధారపడ్డాయో అన్నాడు. నాకు నవ్వాగలేదు. షాపుకొచ్చే ముసలాయనెవరో, చూపు బాగానే ఉన్నా వారానికోసారి వచ్చి కళ్ళజోడు తుడిపించుకుంటాడట, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక. ఆయన కథంతా చెప్పాడు. మొదటి రోజు పొద్దున నువ్వు నీలం చీర కట్టుకుంటే బాగుందని చెబుదామనుకుని, రొట్టె మెత్తగా ఉందని అన్నాడట."

అది చెప్పింది మా ఆయనేనా?

"ఇంకోటి కూడా అన్నాడు, చెప్పొచ్చో లేదో" అని టీచరమ్మ ఆగారు. నా మొహం చూసి చెప్పేశారు. "'ఇంట్లో అయితే మధ్యాహ్నం వచ్చి నీ మంచం పక్కన కూర్చుని అన్నం తింటూ అన్నీ చెప్పుకునేవాణ్ణి. నువ్వు హాయిగా పడుకునేదానివి. ఇక్కడ రోజంతా కళ్ళు తెరిచే ఉంటున్నావు. నీ కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం నాకు చేత కావట్లేదే' అన్నాడు. ఆ తర్వాత నీ మొహం మీద ఎండ పడుతోందని కర్టెను లాగబోయాడు. కోటు జారి కింద పడింది. అబ్బ, ఆ అరుపు! డ్రైవరు గుండె ఆగినంత పనైంది."

అన్నేళ్ళ మధ్యాహ్నాలు. కర్టెన్లు వేసిన ఆ గదిలో నేను మొద్దునిద్ర పోతుంటే, నా పక్కన ఒక మనిషి కంచం పట్టుకుని షాపు కబుర్లన్నీ చెబుతూ వచ్చాడు. ఎదురింటి పిల్ల పాసైందనీ, పక్కవీధిలో ఎవరో ఇల్లు మారుతున్నారనీ నాకెవరూ చెప్పకుండానే ఎలా తెలిసేదా అని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. నేను తెలివైనదాన్ని కాబోలు అని సరిపెట్టుకున్నాను. మా మధ్య మాటలు లేవని బెంగపెట్టుకున్నాను చూడండి. మాటలకేం లోటు? బస్తాల కొద్దీ ఉన్నాయి. నేనే నిద్రలో ఉన్నాను. అమ్మయ్య అనిపించింది. ఎంత పెద్ద అమ్మయ్య అంటే, బస్సు తిరిగొచ్చినప్పుడు కూడా అంత అనిపించలేదు.

"వెళ్ళమ్మా, నీ సీటుకి వెళ్ళు. నా జోడీ వచ్చి కూర్చోవాలి" అన్నారు టీచరమ్మ.

వెళ్ళి కూర్చున్నాను. ఆయన కోటు తీసి పక్కన పెట్టి, తప్పు చేసిన పిల్లాడిలా కిటికీలోంచి చూస్తున్నారు. ఏం మాట్లాడినా ఆయన మళ్ళీ రొట్టె దగ్గరికే వెళ్ళిపోతారని తెలుసు. అందుకని శాలువా మెడదాకా లాక్కుని, ఆయన భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నాను.

బస్సు చాలా దూరం వెళ్ళింది. ఆయన వేళ్ళు మెల్లిగా శాలువా సర్దాయి. తర్వాత ఆ గొంతు మొదలైంది. ఇంత మెత్తటి గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు.

"ఇవాళ నా గుండె జారిపోయిందే. కోటు కింద పడగానే నువ్వే పడిపోయావనుకున్నాను. వంగి చూస్తే దిండు. ఆ దిండుని పట్టుకుని ఎంతసేపు..."

"ఊఁ" అన్నాను.

గొంతు ఆగిపోయింది. భుజం బిగుసుకుంది.

"లేచే ఉన్నావా?"

"ఊఁ కొడుతున్నాను కదా, చెప్పండి."

ఆయన చెప్పలేదు. నేనూ కళ్ళు తెరవలేదు. ఎప్పటికైనా చెప్పాల్సిందే కదా అని హెడ్ నర్సు అడిగిన సంగతంతా అలా కళ్ళు మూసుకునే చెప్పేశాను. పగలు డ్యూటీ తీసుకుంటున్నానని కూడా చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను.

"నువ్వు పగలు డ్యూటీకి వెళ్ళిపోతే, మధ్యాహ్నం నేనెవరితో మాట్లాడను?" అన్నారు, నిజంగానే బెంగగా.

అప్పుడు కళ్ళు తెరిచి ఆయన కళ్ళలోకి చూశాను.

"రాత్రికి దాచిపెట్టండి. నాకు మెలకువగా ఉండటం అలవాటే."