తొమ్మిదో కుండీ

కోరుట్ల నుంచి మరదలు కొమురమ్మ ఫోన్ చేసిన నాటి నుంచి రాజేశానికి వరి అంటేనే వర్రీ పట్టుకుంది.

"బావా, ఆకు కొసలకెళ్లి ఎండుకుంట కిందికొస్తున్నది. పక్కోళ్ల పొలాలల్ల లేదు. నా దాంట్లనే."

సకలజనుల సమ్మె రోజులవి. బస్సులు బంద్, ఆఫీసులు బంద్, బొగ్గు బంద్ కావడంతో కరెంటు సగం బంద్. రాజేశానికి తిండి కూడా బంద్ అయింది. బంద్ కానిది భయం ఒక్కటే.

ఆ భయానికి కారణం ఒక కత్తెర. రాజేశం జగిత్యాల దగ్గర వరి పరిశోధన పొలంలో రోజు కూలీ. ఊరూరి నుంచి తెచ్చిన ఎండాకు తెగులు బాక్టీరియా నీళ్లలో కత్తెర ముంచి, కుండీల్లోని వరి ఆకుల కొసలు కత్తిరించడం అతని పని. పది కుండీల్లో పది రకాల వరి. అక్కడి శాస్త్రవేత్త మార్కండేయులు సారు మాటల్లో పది ఇళ్లు, పది తాళాలు. ఏ ఊరి బాక్టీరియా ఏ తాళాలు తీసి ఏ వరిని ఎండబెడుతుందో చూసి, అది ఏ వంశపు దొంగో పట్టేస్తారు. అన్నిటిలోకి ఘరానా దొంగ సిరిసిల్లది. ఏడో తాళం తీసింది అదొక్కటే. సిరిసిల్ల మనుషులది నేత, దీనిది మేత.

శ్రావణంలో ఒకనాడు ఆ సిరిసిల్ల నీళ్లలో ముంచిన కత్తెరను కడగకుండానే, మరచిపోయి, సద్ది సంచిలో వేసుకుని మేడిపల్లిలోని ఇంటికి తెచ్చాడు. తెల్లారి భార్య రేణుక తన చెల్లెలు కొమురమ్మ పొలంలో నాట్లకు పోతూ దాన్ని పట్టుకుపోయింది. ముదిరిన నారు కొసలు కోసి నాటడం అక్కడి అలవాటు. కొడవలికన్నా ఇదే నయమని మెచ్చుకుంది కూడా. రాజేశం కత్తెరను గుట్టుగా తిరిగి పెట్టేసి, తన నోటికీ తాళం వేసుకున్నాడు.

ఇప్పుడు సైకిలెక్కి కోరుట్ల పోయాడు. ఎండుతున్న ఆకును కోసి గ్లాసెడు నీళ్లలో నిలబెట్టాడు. కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని తీగ నీళ్లలోకి దిగింది. ఎండాకు తెగులుకు అదే గుర్తు.

"ఏంది బావా గది?" అంది కొమురమ్మ.

"ఏం లేదు."

"ఏం లేకుంటే చేతులెందుకు వణుకుతున్నయ్? కల్లు గిట్ల మానేసినవా?"

జగిత్యాల రోడ్డు మీద సమ్మె చేసేవాళ్ల వంటావార్పు నడుస్తోంది. మార్కండేయులు సారు గరిటె పట్టుకుని పప్పు కలుపుతున్నాడు. రాజేశం ఆయన్ని పక్కకు పిలిచి అంతా చెప్పేశాడు.

"అందరు తెలంగాణ తెస్తున్నరు సారు. నేను తెగులు తెచ్చిన."

"రెండు నెలల సంది నోరు మూసుకున్నవా? ఊరంత నీ మరదలేసిన వరే ఏసిండ్రు గదయ్యా!"

"నన్ను పనికెళ్లి తీసెయ్యుండ్రి. గని ముందు గది సిరిసిల్లదో కాదో చూడుండ్రి."

"నేను సమ్మెల ఉన్న."

"గది సమ్మెల లేదు గద సారు."

సారు గరిటె పక్కవాడి చేతిలో పెట్టాడు.

రాజేశం కోరుట్ల నుంచి తెచ్చిన ఆకులు నలిపిన నీళ్లలో సారు వేరే కత్తెర ముంచి, పది కుండీలూ తానే కత్తిరించాడు. రాజేశాన్ని కత్తెర ముట్టనివ్వలేదు. ఇక పద్నాలుగు రోజులు ఆగాలి. రాజేశం రోజూ బకెట్‌తో నీళ్లు మోసి పోశాడు. ఏడో కుండీ దగ్గర మాత్రం తల తిప్పుకుని పోసేవాడు. సగం నీళ్లు తన కాళ్ల మీదే పడేవి.

పద్నాలుగో రోజు పొద్దున సారు స్కేలుతో కొలిచాడు. ఏడో కుండీ పచ్చగా ఉంది. కొసన గోరంత ఎండు, అంతే.

"సిరిసిల్లది కాదు."

రాజేశం మట్టిలో కూలబడ్డాడు. "నా కత్తెర కాదా సారు?"

"కాదు."

రాజేశానికి నవ్వొచ్చింది. సారు మొహం చూడగానే అది సగంలో ఆగింది. సారు తొమ్మిదో కుండీ ముందు కదలకుండా నిలబడ్డాడు. అందులో ఆకులు కొస నుంచి మొదలు దాకా ఎండుగడ్డి అయిపోయాయి. వచ్చే వానాకాలం రైతులకు పంచాలని దాచిన రకం అది.

"గీ తాళం ఇంతవరకు ఎవ్వరు తియ్యలే."

"మరి దీన్నెవరు తెచ్చిండ్రు సారు?"

"ఎవ్వరు తేలే. ఆడనే మారింది. ఒకటి రెండయితది, రెండు నాలుగయితయి. గట్ల కోట్లయినంక, అండ్ల ఒక్కటి కొత్త తాళంచెవి చేసుకుంటది." సారు స్కేలు పక్కన పడేసి రాజేశం వైపు తిరిగాడు. "మీ మరదలికి ఫోన్ చెయ్. ఆ పొలం నీళ్లు గట్టు దాటొద్దు. నీళ్లల్లనే పోతది గది."

రాజేశం నంబరు నొక్కాడు. "కొమురమ్మా, నీ మడిల నీళ్లు ఎవ్వరికి ఇడువకు!"

"అయ్యో బావా, కరెంటు లేకపాయె, పక్క పొలం సత్యవ్వ బోరు నడువకపాయె. పొలం నెర్రెలు వారుతున్నదని ఏడ్చింది. కుంట కిందిదని నా మడి నిండ నీళ్లాయె. మొన్న గండి కొట్టి ఇచ్చిన. ఆమె కిందోళ్లకు ఇచ్చింది."

"ఎంత మందికి?"

"వాగు దాక అందరికి బావా. పంట దక్కిందని దండం పెట్టిండ్రు."