ఆగిపోయిందన్న బండి

రెసియాటోకి జంతువులంటే ఎంత ప్రాణమో, వాటిని చూడ్డానికి వచ్చేవాళ్ళంటే అంత రోత. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో సఫారీ బండి తోలడం మొదలుపెట్టిన నాటినుంచీ ఆ రోత పెరగడమే గాని తగ్గింది లేదు. ఇక తోటి డ్రైవర్లంటే మరీ చులకన. ఒకడికి సింహం కనబడితే చాలు, రేడియోలో చాటింపు వేస్తాడు. మిగతావాళ్ళు ఈగల్లా వచ్చి ముసురుతారు. దాని మూతి దాకా బండి పోనిచ్చి, బక్షీసు కోసం పళ్ళికిలిస్తారు.

ఇవాళ ఆమె బండెక్కినవాళ్ళు నైరోబీ వకీలు మకోఖా, ఆయన భార్య నలియాకా. పొద్దుటినుంచీ ఆయన చేసిందల్లా ఏనుగులకి వీపు పెట్టి తన ఫొటోలు తానే తీసుకోవడం. ఆవిడైతే జిరాఫీని చూసి మొహం తిప్పేసుకుంది.

"ఇది నిన్న చూశాంగా!"

"నిన్నటిది వేరేదమ్మా."

"ఏదైతేనేం, మెడ ఒకటేగా."

ఎండ ముదరకముందే చెదపుట్ట మీద నిలబడిన తల్లి చీతా కనబడింది. రెసియాటో ఇంజను ఆపేసింది. ఈ తల్లిని ఆమె బాగా ఎరుగును. నిన్నా మొన్నా వేటకి వంగినప్పుడల్లా బండ్లు అడ్డంపడి జింకల్ని బెదరగొట్టాయి. గడ్డిలో ఉన్న రెండు కూనలకీ పక్కటెముకలు తేలాయి. చిన్నది లేవడం కూడా మానేసింది. ఇవాళ తిండి దొరక్కపోతే అది దక్కదు. అందుకే రేడియోలో ఎవరికీ చెప్పలేదు. కనబడింది దాచినవాళ్ళని డ్రైవర్లు వెలేసినంత పని చేస్తారు. వేస్తే వేయనీ, ఆ మందలో ఉండి నాకు ఒరిగేదేముంది అనుకుంది.

తల్లి పుట్ట దిగింది. పొట్ట నేలకి ఆనించి, మేస్తున్న జింకల వైపు పాకసాగింది.

అంతలో రేడియోలో తోటి డ్రైవరు ముతిందా గొంతు లేచింది. "ఏటిగట్టున మీసాలోడురోయ్! మా మామగారిలా గుర్రుపెట్టి పడుకున్నాడు, రండి!"

పర్యాటకులకి తెలియకుండా సింహాన్ని డ్రైవర్లు స్వాహిలీలో అలాగే అంటారు. నైరోబీ వకీలుకి స్వాహిలీ తెలియకపోవడానికి ఆయనేమైనా తెల్లదొరా?

"సింహమేగా? పద, పోదాం," అన్నాడు మకోఖా.

"ఇది వేటాడబోతోంది సార్. కాసేపు చూడండి. ఏళ్ళ తరబడి తిరిగినా ఇంత దగ్గరగా కనబడదు."

"అమ్మాయ్, అదిగో ఆ దుమ్ము చూడు. బండ్లన్నీ అక్కడున్నాయి. ఇది నిజంగా అంత గొప్పదైతే ఇక్కడ ఒక్క బండైనా ఉండదూ?"

"పిల్లి కోసం కూర్చోబెట్టిందండీ మనల్ని," అంది నలియాకా.

రెసియాటోకి ఒళ్ళు మండిపోయింది. చీతా విలువ తెలియాలంటే దాని చుట్టూ ఎన్ని బండ్లున్నాయో చూడాలన్నమాట! ఇప్పుడు ఇంజను వేస్తే జింకలు తలెత్తుతాయి. తాళం తిప్పినట్టు నటించి, "కదలడం లేదు సార్. బండి ఆగిపోయింది," అంది. ఈ బుర్రలకి ఆ మాత్రం అబద్ధం చాలనుకుంది.

మకోఖా వెనకనుంచి వంగి మైకు లాక్కున్నాడు. "హలో! మా బండి ఆగిపోయింది! చెదపుట్టల మైదానంలో ఉన్నాం! డ్రైవరు ఆడమనిషి!"

మారాలో బండి ఆగిందన్న మాట చెవిన పడితే ఏ డ్రైవరూ కూర్చోడు. ఎదురుగా ఏ జంతువున్నా వదిలి రావలసిందే. రెసియాటో మైకు గుంజుకుంది.

"ఎవరూ రావద్దు. నేను చూసుకుంటాను," అంది గొంతు తగ్గించి.

"నీ పొగరు మాకు తెలుసులే అక్కా," అన్నాడు ముతిందా. "కదలకుండా కూర్చో. తాడు తెస్తున్నా."

ఏటివైపు దుమ్ము ఇటు తిరిగింది. చీతా అప్పటికి జింకల్ని బాగా సమీపించి భుజాలు బిగించింది. ఇంకొక్క నిమిషం. అందరికంటే ముందు ముతిందా బండి హారన్ కొడుతూ గట్టెక్కింది. వెనకే మిగతా బండ్లు. జింకలు ఒక్క ఉదుటున చెల్లాచెదురయ్యాయి. తల్లి కాసేపు నిలబడి చూసి, మెల్లగా నడుచుకుంటూ పిల్లల దగ్గరికి పోయింది.

ముతిందా తాడుతో దిగాడు. "సింహాన్ని వదిలొచ్చానని నా బండిలోవాళ్ళు నన్ను నమిలేస్తున్నారు. జరుగక్కా, ఏమైందో చూద్దాం."

ఇంకో డ్రైవరు ఆమె చేతికి ఫ్లాస్కులోంచి వేడి చాయ్ ఇచ్చాడు. ముతిందా తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది.

ముతిందా ఆమెని చూశాడు, తర్వాత గడ్డిలో కూనల్ని చూశాడు. అతనికి అంతా అర్థమైంది. దిగి, తాడు చుట్టుకుంటూ మెల్లగా అన్నాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే గట్టు మీద నా బండి అడ్డం పెట్టేవాణ్ణి కదక్కా. ఒక్కణ్ణి కూడా ఇటు రానిచ్చేవాణ్ణి కాదు."

ఆమె సిగ్గుతో తలెత్తలేక, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"బాగైపోయిందిగా, సింహం దగ్గరికి పోనీ," అన్నాడు మకోఖా.

గడ్డిలో తల్లి చిన్నదాన్ని నాకుతోంది. అది కదలడం లేదు.